ఎడారి ఒడ్డున నీలి లోకం: దహబ్‌కి ప్లాన్ వేస్తున్నారా?

ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఈజిప్టు దగ్గర ఆగండి. శాటిలైట్ వ్యూ పెట్టండి. కుడివైపు త్రికోణంలా ఒక నేల ముక్క కనిపిస్తుంది. అదే సినాయ్ ద్వీపకల్పం. ఎంత జూమ్ చేసినా గోధుమరంగు కొండలు, ఇసుక, ఎండిపోయిన వాగుల చారలే తప్ప పచ్చదనం ఊసే ఉండదు. దాని తూర్పు అంచున పొడవాటి నీలి చీలిక ఒకటుంది. అది అకాబా సింధుశాఖ, ఎర్ర సముద్రానికి ఉత్తరాన ఉన్న రెండు కొమ్ముల్లో ఒకటి. ఆ ఒడ్డునే దహబ్ అనే చిన్న ఊరు. అరబిక్‌లో దహబ్ అంటే బంగారం.

బీచ్ హాలిడే అనగానే మనకి కొబ్బరిచెట్లు గుర్తొస్తాయి. గోవా, కేరళ, అండమాన్, జేబు బరువుగా ఉంటే మాల్దీవులు. కొబ్బరిచెట్టు లేని బీచ్‌కి, అదీ ఎడారిలో ఉన్న బీచ్‌కి అంత దూరం ఎందుకని ఇంట్లోవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం ఆ ఎడారిలోనే ఉంది.

మన కోస్తా సంగతే చూడండి. గోదావరి, కృష్ణ, పెన్న వందల కిలోమీటర్లు ఒండ్రుమట్టి మోసుకొచ్చి బంగాళాఖాతంలో కలుపుతాయి. ఆ మట్టి వల్లే కోనసీమ ఉంది, మన కంచంలో అన్నం ఉంది. అదే మట్టి వల్ల ఒడ్డు దగ్గర నీళ్లు కలకబారి ఉంటాయి. ఎర్ర సముద్రంలోకి ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా కలవదు. వాన పడితే అక్కడ అదో వార్త. మట్టి రాదు కాబట్టి నీళ్లు తేటగా ఉంటాయి, ఎండ లోతుకి దిగుతుంది. పగడాలకి కావాల్సింది సరిగ్గా అదే. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచుకి ఎండ తగిలితేనే వాటికి తిండి. పైన నేల ఎంత బోడిగా ఉందో కింద నీళ్లు అంత నిండుగా ఉండటానికి కారణం ఇది.

ఉప్పు సంగతి కూడా అంతే. ఎండకి నీరు ఆవిరైపోవడమే గానీ మంచినీరు వచ్చి కలిసేది లేదు. మామూలు సముద్రంలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటే ఎర్ర సముద్రం ఉత్తర భాగంలో 40 గ్రాముల దాకా ఉంటుంది. ఇక్కడ తేలడం సులువు, మునగడమే కష్టం! అందుకే డైవర్ల నడుముకి కట్టే సీసపు బరువులు మిగతా చోట్ల కంటే కాస్త ఎక్కువ వేస్తారు. మాస్క్‌లోకి చుక్క నీరొచ్చినా కళ్లు భగ్గుమంటాయి. అలవాటైపోతుంది లెండి.

ఏ ఊరు ఎవరికి

ఈజిప్టు ఎర్ర సముద్ర తీరం అంటే ఒక్క ఊరు కాదు. షర్మ్ ఎల్ షేక్ పెద్ద రిసార్టుల ఊరు. 2022 నవంబర్‌లో వాతావరణ సదస్సు కాప్-27 జరిగింది ఇక్కడే. తిండి, తాగడం, ఈత కొలను అన్నీ ఒకే ప్యాకేజీలో వచ్చేస్తాయి. కొన్ని హోటళ్లకి సొంత జెట్టీ ఉంటుంది, దాని చివర మెట్లు దిగితే నేరుగా పగడాల గోడ. అమ్మానాన్నలతోనో చిన్నపిల్లలతోనో వెళ్తే నా ఓటు షర్మ్‌కే. పక్కనే రాస్ మొహమ్మద్ నేషనల్ పార్క్ ఉంది, 1983లో ఏర్పడింది, ఈజిప్టుకి మొట్టమొదటి నేషనల్ పార్క్. హుర్ఘాదా అవతలి ఒడ్డున, ప్రధాన భూభాగం మీద ఉంటుంది. చవక ప్యాకేజీలకి పేరు. సందడి నచ్చేవాళ్లకి బాగుంటుంది. ఇంకా దక్షిణానికి పోతే మార్సా ఆలమ్. నిశ్శబ్దంగా ఉంటుంది, తాబేళ్లు, అదృష్టం బాగుంటే సముద్రపు ఆవు అని పిలిచే డ్యూగాంగ్.

దహబ్ వీటన్నిటికంటే వేరు. షర్మ్ నుంచి ఉత్తరానికి 90 కిలోమీటర్లు ఉంటుంది. ఒకప్పుడు చేపలు పట్టుకుంటూ, ఖర్జూరపు చెట్లు, ఒంటెలు చూసుకుంటూ బతికిన ముజైనా తెగ బెడూయిన్ల ఊరు ఇది. ఇప్పుడు ఒడ్డు పొడవునా చిన్న గెస్ట్‌హౌస్‌లు, నేల మీద దిండ్లు వేసిన కేఫ్‌లు, ప్రతి కేఫ్ ముందూ ఒక డైవ్ సెంటర్. పిల్లులు లెక్కలేనన్ని. మీరు చేప ఆర్డర్ చేస్తే మీతోపాటు నాలుగు పిల్లులు భోజనానికి కూర్చుంటాయి. ఎదురుగా నీళ్లకి అవతల సౌదీ అరేబియా కొండలు కనిపిస్తాయి. సాయంత్రం అవి గులాబీ రంగుకి తిరుగుతాయి.

దహబ్ ప్రత్యేకత ఇంకోటుంది. ఇక్కడ డైవింగ్‌కి పడవ అక్కర్లేదు. సిలిండర్ వీపున వేసుకుని ఒడ్డు నుంచే నడుచుకుంటూ దిగిపోవచ్చు. పడవ ఖర్చు లేదు, కడుపులో తిప్పడం లేదు. భయమేస్తే నడిచి బయటికొచ్చేయొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది ఎంత పెద్ద సౌకర్యమో నేర్చుకునేటప్పుడే తెలుస్తుంది.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. "ఒక్కసారి నీళ్లలోకి దిగి ఫొటో దిగితే చాలు" అన్నదే మీ కోరికైతే ఇంత దూరం వద్దు. వైజాగ్ రుషికొండలో దిగొచ్చు, అండమాన్ వెళ్లొచ్చు. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, ఖర్చూ తక్కువ. వారం రోజులు పెట్టి సరిగ్గా నేర్చుకుని, సర్టిఫికెట్ చేతికి తీసుకుని రావాలనుకునేవాళ్లకి దహబ్.

ముందు ఈత, తర్వాత టికెట్

2011లో వచ్చిన హిందీ సినిమా 'జిందగీ నా మిలేగీ దొబారా' మనవాళ్లలో చాలామందికి ఈ కోరిక పుట్టించింది. అందులో హృతిక్ రోషన్ పాత్రకి నీళ్లంటే భయం. స్పెయిన్‌లో కత్రినా కైఫ్ చెయ్యి పట్టుకుని దిగుతాడు, పైకొచ్చేసరికి మనిషే మారిపోతాడు. సినిమా బాగుంటుంది. జీవితంలో మాత్రం ఆ భయం అంత సులువుగా పోదు.

స్కూబాకి ఈత రావాలా అని అందరూ అడిగే ప్రశ్న. దీనికి రెండు జవాబులు. సరదాగా ఒక్కసారి దిగే పరిచయ డైవ్‌కి అక్కర్లేదు. ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు, 12 మీటర్లు దాటనివ్వడు. అదే ఓపెన్ వాటర్ కోర్సు చేయాలంటే రావాలి. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్క్, ఫిన్స్ పెట్టుకుని 300 మీటర్లు. దేన్నీ పట్టుకోకుండా 10 నిమిషాలు తేలాలి. టైమ్ లిమిట్ లేదు, స్టైల్ ఏదైనా ఫర్వాలేదు. కానీ చేయాలి.

మా నలుగురి బ్యాచ్‌లో ఒకమ్మాయికి ఈత అస్సలు రాదు. వరంగల్‌లో పుట్టి పెరిగింది, హైదరాబాద్‌లో ఉద్యోగం. చిన్నప్పుడు చెరువు వైపు వెళ్తే వీపు మీద నాలుగు తగిలించిన ఇల్లు. మనలో సగం మంది ఇళ్లు అలాంటివే కదా. ప్రతి ఎండాకాలం పేపర్లో చెరువులు, కాలవలు, బీచ్‌ల వార్తలు చదివే అమ్మానాన్నలు ఇంకేం చేస్తారు? నీళ్లంటే భయం పెట్టడమే వాళ్లకి తెలిసిన భద్రత. ఈ అమ్మాయి టికెట్లు బుక్ చేయకముందే మూడు నెలలు ఆఫీసుకి ముందు పొద్దున్నే స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లింది. మొదటి నెలంతా గట్టు వదల్లేదట. "పక్కన ఏడేళ్ల పిల్లలు చేపల్లా పోతుంటే నేను పైపు పట్టుకుని ఏడుస్తున్నా" అని నవ్వుతూ చెప్పేది. మూడో నెల చివర్లో 200 మీటర్లు ఈదింది. నన్నడిగితే మా ట్రిప్‌లో అసలు సాహసం అదే.

దహబ్‌లో మొదటి రోజు, నడుం లోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని తల ముంచి ఊపిరి పీల్చడం ప్రాక్టీస్. తను రెండు నిమిషాల్లో లేచి నిలబడింది. మళ్లీ ముంచింది, మళ్లీ లేచింది. మూడోసారి మాస్క్ తీసేసింది. "నావల్ల కాదురా."

"ఇంత దూరం వచ్చి భయమేంటే! డబ్బులు కట్టాం కదా" అన్నాడు మావాడు ఒకడు.

"కట్టింది నేను, మునిగేది నేను. నీకేంటి?" అంది.

ఇన్‌స్ట్రక్టర్ ఈజిప్షియన్, నలభై దాటిన మనిషి. బతిమాలలేదు, తొందర పెట్టలేదు. ఇవాళ్టికి చాలు, టీ తాగుదాం అన్నాడు. మాకు అతను నేర్పిన మొదటి పాఠం ఏంటంటే, ఏ డైవర్ అయినా, ఏ డైవ్‌నైనా, ఏ క్షణంలోనైనా, కారణం చెప్పకుండా ఆపేయొచ్చు. ఎవరూ ఎందుకని అడక్కూడదు. దానికి సైగ కూడా ఉంది, బొటనవేలు పైకి. మనం రోజుకి వందసార్లు వాట్సాప్‌లో కొట్టే థమ్స్ అప్ నీళ్లలో 'ఓకే' కాదు, 'పైకి పోదాం' అని. ఓకేకి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఇది చదువుతూ నవ్వుకుంటారు గానీ, కొత్తవాళ్లలో సగం మంది మొదటి డైవ్‌లో చేపని చూసిన సంతోషంలో థమ్స్ అప్ చూపించి పైకి తేలతారు!

తను రెండో రోజు మళ్లీ దిగింది. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో రోజుకి లైట్‌హౌస్ దగ్గర రీఫ్ పక్కన మాతోపాటే ఈదుతోంది, చేతులు కట్టుకుని, పెద్దమనిషిలా.

కోర్సు మూడు నాలుగు రోజులు పడుతుంది. థియరీ ఆన్‌లైన్‌లో ఇంటి దగ్గరే చదివేసుకోవచ్చు. అలా చేస్తే అక్కడ ఒక రోజు మిగులుతుంది. కనీస వయసు 10 ఏళ్లు. పాసైతే 18 మీటర్ల దాకా దిగొచ్చు. పాఠాల్లో ప్రాణంలాంటి పాఠం ఒకటే: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ నిండుగా గాలి పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి ఊపిరితిత్తుల్లో రెట్టింపవాలని చూస్తుంది. ఏం జరుగుతుందో ఊహించుకోండి. చెవులు కూడా అంతే. విమానం దిగేటప్పుడు చేసినట్టు ముక్కు మూసి మెల్లగా ఊదుతూ దిగాలి. జలుబు చేసి ఉంటే ఆ రోజు డైవింగ్ లేదు. ఎంత డబ్బు కట్టినా లేదు.

ఆ ఫారమ్‌లో అబద్ధం వద్దు

డైవింగ్‌కి ముందు ఒక మెడికల్ ఫారమ్ ఇస్తారు. ఆస్తమా, గుండె, ఫిట్స్, షుగర్, చెవి ఆపరేషన్లు, గర్భం... ఇలా ప్రశ్నలుంటాయి. కొన్నిటికి 'అవును' అంటే డాక్టర్ సంతకం కావాలి. మేం మొదట వెళ్లిన ఒక సెంటర్‌లో మావాడు చిన్నప్పటి ఆస్తమా గురించి నిజం రాయబోతే కౌంటర్‌లో అబ్బాయి "అన్నిటికీ నో పెట్టేయండి, టైమ్ వేస్ట్" అన్నాడు. మేం లేచి వచ్చేశాం. కస్టమర్ ఊపిరితిత్తుల గురించి పట్టించుకోనివాడు సిలిండర్‌లో గాలి గురించి పట్టించుకుంటాడన్న నమ్మకం ఏంటి?

మీకు ఇలాంటిదేమైనా ఉంటే ఇక్కడే, టికెట్లు కొనకముందే, డాక్టర్‌కి ఆ ఫారమ్ చూపించి సంతకం తెచ్చుకోండి. ఫారమ్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. డాక్టర్ వద్దంటే స్నార్కెలింగ్ ఉంది. దహబ్‌లో అదేం తక్కువ కాదు. పగడాల తోట చాలా చోట్ల నీటిమట్టానికి చెయ్యి అందేంత దగ్గర నుంచే మొదలవుతుంది. కళ్లద్దాలవాళ్లు భయపడక్కర్లేదు. పవర్ ఉన్న మాస్కులు కొన్ని సెంటర్ల దగ్గర అద్దెకుంటాయి, నంబర్ ముందే మెసేజ్ చేసి అడగండి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా ఇప్పుడే చూడండి. చాలా ట్రావెల్ పాలసీల్లో అడ్వెంచర్ స్పోర్ట్స్ కవర్ కావు. చిన్న అక్షరాల్లో డైవింగ్ ఎన్ని మీటర్ల దాకా కవర్ అవుతుందో వెతకండి. నత్రజని బుడగలు రక్తంలో చేరితే ఒత్తిడి గదిలో పెట్టి చికిత్స చేస్తారు. ఆ బిల్లు సెలవు బడ్జెట్‌ని మింగేస్తుంది.

పడవల మీద రోజుల తరబడి ఉండి డైవ్ చేసే ట్రిప్పుల గురించి కూడా ఒక మాట. 2024 నవంబర్ 25న మార్సా ఆలమ్ తీరానికి దూరంగా 'సీ స్టోరీ' అనే పడవ మునిగింది. చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి 11 మంది. అలాంటి పడవ ఎక్కేముందు లైఫ్‌జాకెట్ ఎక్కడుంది, కేబిన్ నుంచి బయటికి రెండో దారి ఎటు, రాత్రి కాపలా ఎవరుంటారు అని అడగడానికి మొహమాటపడకండి. మొదటి ట్రిప్‌కైతే ఒడ్డు నుంచే డైవింగ్ చాలన్నది నా అభిప్రాయం.

నీలి బిలం దగ్గర బోర్డులు

దహబ్ అనగానే రీల్స్‌లో కనిపించేది బ్లూ హోల్. ఊరికి ఉత్తరాన, జీపులో వెళ్లాలి. ఒడ్డుకి ఆనుకునే గుండ్రటి బిలం, లోతు దాదాపు 100 మీటర్లు. పైనుంచి చూస్తే లేత నీలం పళ్లెం మధ్యలో సిరా పోసినట్టుంటుంది. సుమారు 55 మీటర్ల లోతులో బయటి సముద్రంలోకి ఒక సొరంగం లాంటి ద్వారం ఉంది. 'ఆర్చ్' అంటారు. సరదా డైవింగ్‌కి గరిష్ఠ హద్దు 40 మీటర్లు. ఆ హద్దు దాటి ఆర్చ్ కోసం వెళ్లి తిరిగి రానివాళ్లు చాలామంది ఉన్నారు. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే ఆర్చ్ దగ్గరే ఉన్నట్టనిపిస్తుంది. ఆ లోతులో నత్రజని మత్తు కూడా ఎక్కుతుంది. తాగినవాడికి తాను తాగినట్టు తెలియనట్టే ఆ మత్తులో ఉన్నవాడికీ తెలియదు.

ఒడ్డున కొండరాయికి పలకలు బిగించి ఉంటాయి. పోయినవాళ్ల పేర్లు, దేశాలు, పుట్టిన తేదీలు, పోయిన తేదీలు. చాలావరకు కుర్రవాళ్లే. పక్కనే కేఫ్‌లో పాటలు, నిమ్మరసం, సెల్ఫీలు. మేం అక్కడ నిలబడి తేదీల్లోంచి వయసులు లెక్కపెట్టుకున్నాం, తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు.

దీన్ని చదివి బ్లూ హోల్ వద్దనుకోకండి. బిలం అంచున స్నార్కెలింగ్ చేయొచ్చు, అద్భుతంగా ఉంటుంది. పైన రీఫ్ మీద నారింజ రంగు చిన్న చేపలు గుంపులు గుంపులుగా నిప్పురవ్వల్లా ఉంటాయి. కింద ఒక్కసారిగా నేల మాయమై నీలం మొదలవుతుంది. ఒకే ఊపిరితో దిగే ఫ్రీడైవర్లకి దహబ్ ప్రపంచంలోనే పేరున్న చోటు. తాడు పట్టుకుని చప్పుడు లేకుండా కిందికి జారిపోయేవాళ్లని పైనుంచి చూడటం కూడా ఒక అనుభవమే. ఎవరైనా "ఆర్చ్ చూపిస్తా, కొంచెం ఎక్స్‌ట్రా ఇవ్వు" అంటే మాత్రం బొటనవేలు పైకి.

మునిగిన ఓడ 'థిసిల్‌గోర్మ్' కూడా చాలామంది జాబితాలో ఉంటుంది. బ్రిటిష్ సరుకు ఓడ, 1941 అక్టోబర్ 6 రాత్రి జర్మన్ విమానాలు బాంబులేసి ముంచాయి. మోటారుసైకిళ్లు, ట్రక్కులు, బూట్లు ఇప్పటికీ దాని కడుపులోనే ఉన్నాయి. అది ఉన్నది సుమారు 30 మీటర్ల లోతులో. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌కి అందదు. అడ్వాన్స్‌డ్ చేశాక రెండో ట్రిప్‌కి దాచుకోండి.

కొండ ముందు, సముద్రం తర్వాత

ప్లాన్‌లో చాలామంది పట్టించుకోని విషయం ఇది. దహబ్ నుంచి సెయింట్ కేథరిన్‌కి వెళ్తారు. 6వ శతాబ్దంలో కట్టిన మఠం, ఇప్పటికీ సన్యాసులు ఉంటున్నారు. పక్కనే సినాయ్ పర్వతం, 2,285 మీటర్లు. మోషేకి పది ఆజ్ఞలు ఇచ్చిన కొండ అని నమ్ముతారు. మన తెలుగు క్రైస్తవ కుటుంబాలకి 'సీనాయి కొండ', 'ఎర్ర సముద్రం' సండే స్కూల్ నుంచీ తెలిసిన పేర్లే. ఇంట్లో "డైవింగ్‌కి వెళ్తా" అంటే ఒప్పుకోని అమ్మ "సీనాయి కొండ ఎక్కి వస్తా" అంటే ఒప్పుకుంటుందని మా బ్యాచ్‌లో ఒకడు రుజువు చేశాడు.

అర్ధరాత్రి దాటాక ఎక్కడం మొదలుపెట్టి పైన సూర్యోదయం చూస్తారు. చాలామంది డైవింగ్ అయ్యాక "రేపు ఖాళీయే కదా" అని ఆ రాత్రే బయల్దేరతారు. అది ప్రమాదం. డైవింగ్ చేశాక ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి. అది పోకముందే ఎత్తుకి వెళ్తే అక్కడ గాలి ఒత్తిడి తగ్గి, సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడతాయి. విమానానికి ఏ నియమమో కొండకీ అదే. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుల తరబడి డైవ్ చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. కాబట్టి కొండ ఎక్కడం మొదటి రెండు రోజుల్లో పెట్టుకోండి, సముద్రం తర్వాత. వెళ్లిపోయే ముందు రోజు పూర్తిగా పొడి రోజు.

ఎప్పుడు, ఎంత, ఏం తినాలి

మార్చి నుంచి మే, సెప్టెంబర్ నుంచి నవంబర్ మంచి కాలం. జులై, ఆగస్టులో నీళ్లు 28, 29 డిగ్రీలు, కానీ బయట ఎండ రామగుండం గుర్తుచేస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో నీళ్లు 21, 22 డిగ్రీలకి పడిపోతాయి. యూరప్ వాళ్లకి అది హాయి, మనకి వణుకు. మందం సూట్ అడిగి తీసుకోండి. దహబ్‌లో గాలి కూడా ఎక్కువ. విండ్‌సర్ఫింగ్ చేసేవాళ్లు ఆ గాలి కోసమే వస్తారు. ఎండలో దాహం తెలియకపోయినా నీళ్లు తాగుతూనే ఉండాలి. సిలిండర్ గాలి పొడిగా ఉంటుంది, ఒళ్లు ఎండిపోతే బుడగల జబ్బు ముప్పు పెరుగుతుంది. పంపు నీళ్లు వద్దు, సీసా నీళ్లే.

వీసా ముందే చూసుకోవాలి. నియమాలు మారుతుంటాయి, ఏ ఏజెంట్ మాటా కాకుండా ఈజిప్టు ఎంబసీ సైట్ చూడండి. హైదరాబాద్ నుంచి గల్ఫ్ నగరాల మీదుగా కైరో, అక్కడి నుంచి షర్మ్‌కి గంట విమానం. లేదంటే కైరో నుంచి దహబ్‌కి రాత్రంతా బస్సు. దారిలో చెక్‌పోస్టులు చాలా ఉంటాయి, నిద్రలో లేపి పాస్‌పోర్ట్ అడుగుతారు. కసురుకోకండి, ఫొటోలు తీయకండి. ఉత్తర సినాయ్ వైపు వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. బుక్ చేసే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు ఒకసారి చదవండి.

2024 మార్చిలో ఈజిప్టు తన పౌండ్ విలువని మార్కెట్‌కి వదిలేసింది. డాలర్‌కి 31 పౌండ్ల దగ్గర ఉన్నది ఒక్కసారిగా 50 దాకా పోయింది. మన రూపాయితో వెళ్లేవాళ్లకి తిండి, టాక్సీ చవకగా అనిపిస్తాయి. అయితే డైవ్ సెంటర్లు రేటు డాలర్లలోనో యూరోల్లోనో చెప్తాయి. అక్కడ పౌండ్ పతనం మనకి పనికిరాదు. రేటు అడిగేటప్పుడు పరికరాల అద్దె, సర్టిఫికెట్ ఫీజు, జీపు, పార్క్ ఫీజు కలిపేనా అని విడివిడిగా అడగండి. చవకగా కనిపించిన కోర్సు చివర్లో ఇక్కడే బరువెక్కుతుంది. ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఎంతమంది ఉంటారో కూడా అడగండి. నలుగురు దాటితే నేనైతే ఇంకోచోటు చూస్తా.

తిండికి బెంగలేదు. కోషరీ అని వీధివీధిలో దొరుకుతుంది. అన్నం, పప్పు, మాకరోనీ, పైన టమాటా సాస్, కరకరలాడే ఉల్లిపాయలు. మన కిచిడీకి దూరపు చుట్టం. శాకాహారం, చవక, కడుపు నిండిపోతుంది. పక్కన పెట్టే 'షత్తా' కారం అడిగి వేయించుకోండి, లేకపోతే చప్పగా ఉంటుంది. బాకలా గింజలతో చేసే తామియా అచ్చం మన మసాలా వడ చెల్లెలే. సముద్రంలోంచి బయటికొచ్చాక బెడూయిన్ టీ, ఎడారి ఆకులు వేసి మరిగించి, చక్కెర దండిగా వేసి ఇస్తారు. నేనైతే రోజుకి నాలుగు తాగా.

ఫోన్, ఫిన్స్, పగడాలు

డ్రోన్ ఇంట్లో వదిలేయండి. ఈజిప్టులో అనుమతి లేకుండా డ్రోన్ తీసుకెళ్లడం నేరం, ఎయిర్‌పోర్టులోనే లాగేసుకుంటారు. మొదటి డైవ్‌లు యాక్షన్ కెమెరా లేకుండానే దిగండి. కొత్తవాళ్ల చేతికి కెమెరా ఇస్తే కళ్లు స్క్రీన్ మీద, కాళ్లు పగడాల మీద. కొన్ని జాతుల పగడాలు ఏడాదికి సెంటీమీటర్ కూడా పెరగవు. మీ ఫిన్ ఒక్కసారి తగిలితే విరిగేది ఎన్నేళ్ల పెరుగుదలో లెక్కేసుకోండి. ఉత్తర ఎర్ర సముద్రపు పగడాలు మిగతా సముద్రాల వాటికంటే వేడిని బాగా తట్టుకుంటాయని శాస్త్రవేత్తలు గుర్తించారు. భూమి ఇలాగే వేడెక్కుతూ పోతే చివరిదాకా మిగిలే రీఫ్‌లలో ఇవి ఉంటాయన్న ఆశ ఉంది. ఆ ఆశకి వేడి కంటే ముందు మన కాళ్లు అడ్డం పడకూడదు. ఒంటికి సన్‌స్క్రీన్ దట్టంగా పులుముకునే బదులు నిండు చేతుల రాష్‌గార్డ్ వేసుకోండి. గవ్వలు, పగడం ముక్కలు బ్యాగులో వేసుకోవడం అక్కడ చట్టవిరుద్ధం, ఒడ్డున పడి ఉన్నవైనా సరే.

అమ్మాయిలకి ఒక మాట. బీచ్‌లో, డైవ్ సెంటర్లలో ఈత దుస్తులు మామూలే, ఎవరూ తిరిగి చూడరు. ఊరి లోపలికి, అస్సలా వైపు బెడూయిన్ ఇళ్ల మధ్యకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పుకుంటే మీకూ హాయి, వాళ్లకీ మర్యాద. వాళ్ల ఆడవాళ్ల ఫొటోలు అడక్కుండా తీయకండి. పూసల దండలు అమ్మే పిల్లలు వెంటపడతారు. కొనకపోయినా ఫర్వాలేదు, కసరకండి. చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి. సిలిండర్లు మోసే కుర్రాళ్లకి, జీపు డ్రైవర్‌కి 'బక్షీష్' ఇవ్వడం అక్కడి పద్ధతి.

ఆఖరి పొడి రోజున ఈల్ గార్డెన్ దగ్గర స్నార్కెల్ వేసుకోండి, దానికి ఏ నిషేధమూ లేదు. ఇసుక నేలలోంచి వందల సన్నటి పాముచేపలు నిలువుగా లేచి ప్రవాహానికి ఊగుతుంటాయి, గాలికి ఊగే వరి నారులా. దగ్గరికి వెళ్తే ఒక్కొక్కటే ఇసుకలోకి జారిపోతాయి. కదలకుండా తేలుతూ ఉంటే రెండు నిమిషాలకి మళ్లీ తలలెత్తుతాయి.